సబ్జెక్టులోనే చెప్పేయండి

ప్రశ్న: పాత సర్వర్‌ను శుక్రవారం ఆపేస్తున్నామని, ఆలోగా ఎవరి ఫైళ్లు వారు మార్చుకోవాలని మా సంస్థలో నలభై మందికి ఈమెయిల్ పంపాను. కారణాలన్నీ వివరించాను. అయినా పన్నెండు మంది మార్చుకోలేదు. 'మెయిల్ చూశాం, ఇంత ముఖ్యమని తెలియలేదు' అంటున్నారు. పాత డిస్కులు ఇంకా చెరపలేదు కాబట్టి సరిపోయింది. నా రాతలో లోపం ఎక్కడుందండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు జతచేసిన మెయిల్‌ను రెండుసార్లు చదివాను. భాష చక్కగా ఉంది, మర్యాదగా ఉంది. కానీ 'శుక్రవారం' అన్న మాట పదకొండో వాక్యంలో కనిపించింది. అంతవరకూ సర్వర్ ఎందుకు పాతబడిందో రాశారు. నెలల తరబడి ఆ పనిలో తలమునకలైన మీకు అది ముఖ్యమే. అందుకున్న మనిషి మాత్రం తానేం చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నదే వెతుక్కుంటాడు.

మీ సబ్జెక్టు 'ముఖ్య గమనిక'. ఫోనులో మెయిల్ తెరవకముందు కనిపించేది సబ్జెక్టులోని మొదటి కొన్ని మాటలు, చాలాసార్లు దాని కింద తొలి వాక్యం ముక్క. ఆ కాస్త చోటునూ మీరు పలకరింపుకు ఇచ్చేశారు. 'శుక్రవారం సాయంత్రం 5 లోగా మీ ఫైళ్లు మార్చుకోండి' అన్నదే సబ్జెక్టు కావాలి. 'ఆ తర్వాత అవి మీకు దొరకవు' అన్నది తొలి వాక్యం. మార్చుకునే పద్ధతి ఆ వెంటనే, కారణాలు అన్నిటికన్నా కింద.

వారంతో పాటు తేదీ కూడా వేయండి. ఒకసారి నేను విదేశంలోని సహోద్యోగికి 'రేపటిలోగా పంపండి' అని రాశాను. ఆయన మెయిల్ తెరిచేసరికి అక్కడ తేదీ మారింది. నా 'రేపు' ఆయనకు ఎల్లుండి అయింది, కాగితాలు గడువు దాటి వచ్చాయి. ఆ రోజు నుంచి నా మెయిళ్లలో 'రేపు' అన్న మాటే లేదు.

ఇంకొకటి. మీరు అందరినీ 'సీసీ'లో పెట్టారు. టైపు మిషన్ల కాలంలో కార్బన్ కాగితంతో తీసిన నకలుకు ఆ పేరు. నకలు అందుకున్నవారు తెలుసుకుంటారు, అంతే. పని చేయాల్సినవారి పేరు 'టు'లో ఉండాలి.

ఆ పన్నెండు మందికీ మళ్లీ ఉమ్మడి మెయిల్ పంపకండి. ఒక్కొక్కరికీ పేరుపెట్టి, డిస్కులు చెరిపే తేదీ సబ్జెక్టులోనే వేసి, మూడు వాక్యాల్లో రాయండి. 'మార్చుకున్నాక ఒక్కమాట జవాబివ్వండి' అని అడగండి. రెండు రోజుల్లో జవాబు రానివారికి ఫోను చేయండి.