జవాను కుటుంబానికి ప్లాటు ఇచ్చే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వెంచర్‌లో ఒక ప్లాటు అమరజవాను ఇంటికి ఇస్తానన్నావు. విని కడుపు నిండింది నాయనా. అయితే వేదికెక్కి ప్రకటించే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లు. పేపర్లో ఫొటో పడిన ఇంటికి అందరూ వెళ్తారు. ఐదేళ్ల కిందట పోయిన సిపాయి ఇల్లు ఎలా ఉందో తెలిసేది ఆ ఆఫీసువాళ్లకే. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాన్లు మాత్రం ఆ ఆఫీసు కిందికి రారు. వాళ్లకు డబ్బు సాయమైతే కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్ ‘భారత్ కే వీర్’ ద్వారా నేరుగా కుటుంబం ఖాతాకే పంపొచ్చు.

జవాను భార్యతో, అతని తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడు. ప్లాటు కోడలి పేరున రాసి అత్తమామల్ని మరిచిపోతే, నీ దానమే ఆ ఇంట్లో తగువవుతుంది. వాళ్లకు నెలనెలా వడ్డీ వచ్చే డిపాజిట్ వేరేగా వెయ్యి.

ఇక ప్లాటు. లేఅవుట్‌లో 15 శాతం ప్లాట్లు అనుమతిచ్చిన అథారిటీకి మార్ట్‌గేజ్‌లో (తనఖాలో) ఉంటాయని నీకు నేను చెప్పాలా? వాటిలోంచి ఇవ్వకు, విడుదలయ్యేదాకా రిజిస్ట్రేషన్ జరగదు. అమ్ముడుపోక మిగిలింది అసలే వద్దు. రోడ్డు, నీళ్లు, కరెంటు వచ్చిన చోటే ఇవ్వు.

చాలామంది దెబ్బతినేది పన్ను దగ్గర. బంధువు కానివాళ్లు గిఫ్ట్‌గా ఇచ్చిన స్థలం స్టాంపు విలువ 50,000 దాటితే, ఆ విలువంతా పుచ్చుకున్నవాళ్ల ఆదాయంగా లెక్కకొస్తుంది. 20 లక్షల ప్లాటు ఇచ్చి, ఆ జవాను భార్య చేతికి ఇన్‌కంటాక్స్ నోటీసు వచ్చేలా చేస్తామా? ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైన ధార్మిక ట్రస్టు ద్వారా ఇస్తే ఆ భారం ఉండదు. దారి ఏదో ఆడిటర్‌తో ముందే తేల్చుకో. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు నువ్వే కట్టు. బయటివాళ్లకు రాసే గిఫ్ట్ డీడ్‌కు డ్యూటీ ఎక్కువే. డీడ్‌లో ఇద్దరు సాక్షులుండాలి, ఆమె స్వీకరించినట్టు రాయాలి. స్థలం కంపెనీ పేరున ఉంటే బోర్డు తీర్మానం జతచెయ్యి.

పిల్లల చదువు కూడా తీసుకుంటే ఒక్క ఏడాదికని కాదు, డిగ్రీ దాకా. ఫీజు స్కూలుకే నేరుగా కట్టు.

రిజిస్ట్రేషనయ్యాక ఆమెను సైటుకు తీసుకెళ్లి నాలుగు హద్దురాళ్లూ చూపించు. కొత్త ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీయించి, అందులో ఆమె పేరు కనబడ్డాక లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), లేఅవుట్ ప్లాన్‌తో కలిపి ఫైలు ఆమె ఇంటికే వెళ్లి ఇచ్చిరా.