45 మంది పిల్లలు, చిన్న గ్రౌండు, వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన ప్రశ్న ఇది: "విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో 6, 7 తరగతుల గేమ్స్ పీరియడ్ నాకు అప్పగించారు. సెక్షన్‌కి 45 మంది. గ్రౌండు రెండు త్రోబాల్ కోర్టులంత ఉంటుంది. పిల్లల ఒంటికీ మనసుకీ మేలు జరిగేలా ఆటలతో ఏం చేయొచ్చు? మేనేజ్‌మెంట్ యోగా, జుంబా పెట్టమంటోంది."

ఖోఖోతో మొదలుపెట్టండి టీచర్ గారూ. యోగా, జుంబా వద్దని కాదు. వాటిలో పిల్లలు మిమ్మల్ని చూసి చేస్తారు, ఒకరినొకరు చూసుకోవాల్సిన పని ఉండదు. ఇంకొకరి కదలిక చూసి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకోవడం, పాయింటు పోతే తట్టుకోవడం, తనకంటే నెమ్మదైనవాడితో కలిసి గెలవడం ఆటలోనే వస్తాయి. మేనేజ్‌మెంట్ వారు జుంబా అనేది ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు: యాన్యువల్ డే వీడియోలో బాగా పడుతుంది.

ముందు ఒక లెక్క చూడండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగం పెరిగేంత కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారానికి 420. మీ చేతిలో ఉన్నవి రెండు పీరియడ్లు, 80 నిమిషాలు. ఒక్క క్షణం వృథా కాకపోయినా అయిదో వంతు దాటదు. మిగతాది సాయంత్రాలూ ఆదివారాలూ వాళ్ళే ఆడుకోవాలి. కాబట్టి ఆటంటే భయపడే పిల్లాడు సాయంత్రం తనంతట తాను బయటికి వెళ్ళేలా చేయడమే మీ పీరియడ్ పని. క్లాసులో బాగా పరిగెత్తే పదిమందికి మీరు లేకపోయినా ఫర్వాలేదు, వాళ్ళు ఎలాగూ ఆడతారు.

ఇప్పుడు మామూలుగా జరిగే ఖోఖో పీరియడ్ చూడండి. రూల్ ప్రకారం ఎనిమిది మంది కూర్చుంటారు, ఒకడు తరుముతాడు, ముగ్గురు రన్నర్లు లోపలికి వస్తారు. మొత్తం 12 మంది. మిగిలిన 33 మంది గోడ పక్కన నీడలో. ఆ 12లోనూ నిజంగా పరిగెత్తేది నలుగురే. పైగా అవుటైనవాడు బయటికి వెళ్ళిపోవాలి, అంటే ఎవడికి పరుగు ఎక్కువ అవసరమో వాడే అందరికంటే ముందు కూర్చుంటాడు. డాడ్జ్‌బాల్, మ్యూజికల్ చెయిర్స్ వగైరా అన్నిటిదీ ఇదే జబ్బు. అవుటైతే బయటికి పంపే ఆట స్కూలు పీరియడ్‌కి పనికిరాదు. ఈ విషయంలో నేను రాజీపడను.

మీ గ్రౌండులో మూడు చిన్న కోర్టులు పడతాయి. త్రోబాల్ కోర్టు 18.30 మీటర్ల పొడవు, 12.20 వెడల్పు. రెండు పక్కపక్కన అంటే సుమారు 18 ఇంటూ 24. ఒక్కో ఖోఖో కోర్టు 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గీయండి. కోర్టుకీ కోర్టుకీ మధ్య 3 మీటర్లు, రెండు చివరలా 3 మీటర్ల చొప్పున వదిలితే మూడూ సరిపోతాయి. కూర్చునేవాళ్ళు అయిదుగురే, రెండేసి మీటర్ల దూరంలో, ఒకడు ఇటు ఒకడు అటు ముఖం పెట్టి. స్తంభాలు పాతొద్దు. ఈ వయసులో స్తంభం పట్టుకుని గిర్రున తిరిగేటప్పుడు పళ్ళు రాలతాయి. ఆ చివరా ఈ చివరా అడ్డగీత గీసి, దాన్ని కాలితో దాటితే స్తంభం తాకినట్టే లెక్కించండి. గీతలు ముగ్గుపిండితో వేయించండి, సున్నంతో వద్దు. సున్నం కంట్లో పడితే కన్నే పోవచ్చు. మార్కెట్లో రెండూ తెల్లగానే ఉంటాయి, కొనేవాడికి గట్టిగా చెప్పి పంపాలి.

జట్లు ఇలా: 45 మందిని ఆరు జట్లు చేయండి, మూడింటిలో ఏడుగురు, మూడింటిలో ఎనిమిదిమంది. జట్టులో ఆరుగురు ఆడతారు, మిగిలిన ఒకరిద్దరు ఆ రోజు అధికారులు. అలా తొమ్మిదిమంది మిగులుతారు, కోర్టుకి ముగ్గురు: రిఫరీ, టైమ్ చూసేవాడు, స్కోరు రాసేవాడు. ప్రతి పీరియడ్‌కీ వంతు మారాలి. ఎప్పుడూ లావుపాటి కుర్రాడికే విజిల్ ఇచ్చి నిలబెడితే అది పదవి కాదు, పనిష్మెంటు.

ఆరుగురిలో ఒకడు తరుముతాడు, అయిదుగురు కూర్చుంటారు. అవతలి ఆరుగురిలో ముగ్గురు లోపల, ముగ్గురు గీత అవతల స్కిప్పింగ్ తాళ్ళతో. ఎవరు అవుటైతే వాళ్ళు వెళ్ళి తాడు అందుకోవాలి, తాడు వదిలినవాడు లోపలికి రావాలి. ఆటలోంచి ఎవరూ పోరు, పాయింటు మాత్రం లెక్కలోకి వస్తుంది. టర్న్, అంటే ఒక జట్టు తరిమే వంతు, రెండు నిమిషాలు, మార్పుకు అరనిమిషం. 40 నిమిషాల పీరియడ్‌లో మెట్లు దిగి లైను కట్టేసరికి చేతిలో మిగిలేది 32. వార్మప్ 5, జట్లు సర్దుకోడానికి 3, ఎనిమిది టర్నులకు 20, చివర నీళ్ళూ మాటలూ 4. గడియారం మీ దగ్గర కాదు, టైమ్ చూసే పిల్లల దగ్గర ఉండాలి.

వార్మప్ అంటే గ్రౌండు చుట్టూ రౌండ్లు కాదు. అరవేగంతో పరుగు, మోకాళ్ళెత్తి నడక, పక్కకు అడుగులు, ఒంటికాలి మీద పది అంకెలు నిలబడడం, మోకాళ్ళు లోపలికి ఒరగకుండా రెండు కాళ్ళ మీద మెత్తగా దూకి దిగడం. చివరివి రెండూ వదలొద్దు, చీలమండ, మోకాలు దెబ్బలు తగ్గేది వాటితోనే. ఇక ఆలస్యంగా వచ్చినందుకూ హోంవర్క్ చేయనందుకూ రౌండ్లు కొట్టించడం, గుంజీళ్ళు తీయించడం ఉందే, అది పూర్తిగా మానేయాలి. పరుగును శిక్షగా వాడే బళ్ళో పరుగు మీద ఇష్టం ఎలా పుడుతుంది?

మొదటి రోజు రూల్సన్నీ చెప్పొద్దు. ఖో అనాలి, వీపు తాకాలి, మధ్య గీత దాటకూడదు, ఈ మూడు చాలు. ఒక వైపు పరుగు మొదలెట్టాక చివరి అడ్డగీత దాటేదాకా వెనక్కి తిరగకూడదన్న రూలు రెండో వారంలో పెట్టండి. అది రాగానే ఆట మొత్తం మారిపోతుంది. అప్పుడు విజిల్ వేసి ఆపి, అందరినీ ఎక్కడున్నవాళ్ళని అక్కడే నిలబెట్టి ఒకటే అడగండి: "ఇప్పుడు వీడు ఎవరికి ఖో ఇస్తే రన్నర్ ఇరుక్కుంటాడు?" ఎప్పుడూ మాట్లాడని పిల్ల చెయ్యెత్తి సరైన మనిషిని చూపిస్తుంది. వేగం లేకపోయినా బుర్రతో పాయింటు వస్తుందని ఆ పిల్లకు తెలిసేది అప్పుడే. ఆట ఆపి అర్థం చేయించే ఈ పద్ధతిని 1982లో బంకర్, థోర్ప్ అనే ఇద్దరు బ్రిటిష్ అధ్యాపకులు ప్రతిపాదించారు. మన డ్రిల్ మాస్టార్లు కొందరికి పేరు తెలియకపోయినా పద్ధతి బాగా తెలుసు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఖో ఇచ్చేటప్పుడు నెట్టేస్తారు. కూర్చున్నవాడు ముందుకు బోర్లా పడి గడ్డం పగులుతుంది. అరచేయి వీపు మీద ఆనాలి, ఖో అన్న మాట గట్టిగా వినపడాలి. నెడితే అవతలి జట్టుకి పాయింటు. రెండోది, ఒకడే అర నిమిషం తరుముతూ ఉంటాడు, మిగిలినవాళ్ళకు కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆరు అడుగులు వేసేలోపు ఖో ఇవ్వాలని పెట్టండి, అందరూ లేస్తారు. మూడోది స్నేహితులకే ఖో ఇవ్వడం. వరసగా రెండుసార్లు ఒకరికే ఇవ్వకూడదంటే సరి. గాజులు, పట్టీలు, వేలాడే కమ్మలు తీయించండి, చున్నీ నడుముకి కట్టించండి.

ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరిని ఎంచుకోమనడం మాత్రం ఎప్పుడూ చేయకండి. చివర మిగిలిన పిల్లాడు క్లాసంతా చూస్తుండగా నిలబడాల్సి వస్తుంది. జట్లు మీరే ఇంట్లో కూర్చుని రాసుకుని రండి, వేగం ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కలిపి, ఎనిమిది వారాలు మార్చకుండా ఉంచండి. అమెరికాలో డారిల్ సీడెన్‌టాప్ తెచ్చిన స్పోర్ట్ ఎడ్యుకేషన్ పద్ధతిలో కీలకం ఇదే: ఒక సీజను, ఒకే జట్టు, లీగు, రికార్డులు, చివర ఒక పండగ. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలకు 16 పీరియడ్లు వస్తాయి. నాలుగు నేర్చుకోడానికి. ఆరు జట్ల లీగులో ప్రతి జట్టూ మిగతా అయిదింటితో ఆడాలి. మూడు కోర్టుల్లో ఒకేసారి కాబట్టి ఒక లీగు అయిదు పీరియడ్లలో అయిపోతుంది. రెండుసార్లు తిప్పితే పది. ఫైనల్స్ ఒకటి. మిగిలిన ఒక్కటి వానకో, సిలబస్ అవలేదని లాక్కునే మ్యాథ్స్ సారుకో. జూన్‌లోనే హెడ్‌మాస్టర్ గారి చేత టైమ్‌టేబుల్ మీద సంతకం పెట్టించి స్టాఫ్‌రూమ్‌లో అంటించండి. లేకపోతే యూనిట్ టెస్టులు రాగానే ముందు పోయేది మీ పీరియడే.

పాయింట్లలో గెలుపు ఒక్కటే ఉండకూడదు. అవుట్‌కి ఒకటి, మ్యాచ్ గెలిస్తే మూడు, రిఫరీతో వాదించకుండా ఆడితే రెండు, అధికారుల పని సరిగ్గా చేస్తే రెండు. స్కోరుషీటు దాచిపెట్టండి, పేరెంట్స్ మీటింగులో పనికొస్తుంది. అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "గుంటూరు నుంచి శ్రీకాంత్ బ్యాడ్మింటన్‌లో వరల్డ్ నంబర్ వన్ అవలేదా? మన జ్యోతి సురేఖ ఆసియా క్రీడల్లో ఆర్చరీలో మూడు గోల్డ్‌లు కొట్టలేదా? మావాడికి ఖోఖో ఎందుకండీ, స్పోర్ట్స్ కోటా వచ్చేది ఏదైనా చెప్పండి" అని. వాళ్ళిద్దరూ గొప్పవాళ్ళే. కానీ అకాడమీ పని వేరు, పీరియడ్ పని వేరు. కోటా కోసం తెల్లారకముందే లేపి అకాడమీకి తోలిన పిల్లల్లో చాలామంది టెన్త్ రాగానే రాకెట్ అటక మీద పెట్టేస్తారు. పదేళ్ళవాడికి ఒకే ఆట ఏడాది పొడుగునా పెట్టడం వాడి ఎముకలకూ మంచిది కాదు. 10 నుంచి 15 ఏళ్ళ మధ్య మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి రావడం, అంతకంటే చిన్నవాళ్ళలో మడమ వెనక నొప్పి రావడం మామూలు. ఎముక పెరిగే చోట కండరం పదేపదే లాగడం వల్ల వస్తుంది. వాణ్ణి సోమరి అనకండి, కొన్నాళ్ళు గెంతులు తగ్గించి రిఫరీ విజిల్ ఇవ్వండి. కుంటుతుంటే డాక్టరుకి చూపించాలి.

ఎవరికైనా చీలమండ మెలికపడితే తైలం వేసి రుద్దకండి, లాగి సరిచేయకండి. బట్టలో చుట్టిన ఐసు ఒక పావుగంట, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తులో. నాలుగడుగులు వేయలేకపోతే, లేదా చీలమండ గుబ్బ వెనక అంచు నొక్కితే ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే తప్పదు.

మన ఎండ సంగతి. బెజవాడలో జూన్ 12న బడి తెరిచేసరికి ఉక్క తగ్గదు. ఒళ్ళు ఎండకు అలవాటుపడడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అందుకని మొదటి రెండు వారాలు టర్న్ ఒక్క నిమిషమే పెట్టండి. భోజనం తర్వాతి పీరియడ్ ఒప్పుకోవద్దు. మొదటిదో రెండోదో అడగండి, అది కుదరకపోతే చివరిది. ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసినా వేయకపోయినా. తల తిరుగుతోందన్న పిల్లను నీడలో పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి నీళ్ళిస్తే చాలావరకు తేరుకుంటుంది. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబిచ్చినా అది వడదెబ్బ కింద లెక్క. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే మీరు ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, స్పృహ సరిగ్గా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయొద్దు. అంబులెన్సు వచ్చేదాకా చల్లార్చడం ఆపకూడదు.

గుంటూరు వైపు నుంచి ఇది చదివేవాళ్ళకు ఒక మాట. మీది నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు, వానాకాలం బంక. నెర్రెలో కాలు ఇరుక్కుంటే ఎంత వార్మప్ చేసినా చీలమండ ఆగదు. పైన జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇసుక కలిపి నాలుగు అంగుళాలు వేయించి, ముందురోజు సాయంత్రం నీళ్ళు చల్లి రోలర్ తిప్పించండి.

నెలసరి రోజుల్లో ఆడపిల్లలను ఆటకు దూరంగా కూర్చోబెట్టాల్సిన వైద్య కారణమేమీ లేదు. ఆడతారో, స్కోరు రాస్తారో వాళ్ళిష్టం, అందరి ముందు కారణం అడగకండి. వాళ్ళు ఆడకపోవడానికి అసలు కారణం చాలాచోట్ల బాత్రూమ్‌లో నీళ్ళు రాకపోవడం. ఆ కుళాయి గురించి ఎవరూ మాట్లాడరు, "సమగ్ర శ్రేయస్సు" అని ఫ్లెక్సీ మాత్రం గేటుకి కడతారు.

మీరు చేస్తున్నది పనిచేస్తోందో లేదో చూడాలంటే నెలకోసారి ముగ్గురు పిల్లల్ని మనసులో అనుకోండి: ఒక చురుకైనవాడు, ఒక మామూలువాడు, ఒక వెనకబడినవాడు. తోటి టీచర్ చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి, పీరియడ్ మొత్తంలో ఆ మూడోవాడు నిజంగా కదిలింది ఎన్ని నిమిషాలో కొలవమనండి. సగం పీరియడ్ దాటితే బాగున్నట్టు. పావు కూడా లేకపోతే ఎక్కడో క్యూ కడుతున్నారు, ఆ క్యూ ఎక్కడో వెతకండి.

కొనాల్సినవి తక్కువే: మూడు విజిళ్ళు, తొమ్మిది స్కిప్పింగ్ తాళ్ళు, ముగ్గుపిండి బస్తా, టైలర్ చేత కుట్టించిన రెండు రంగుల బనీన్లు. మేనేజ్‌మెంట్ డబ్బు కొంచెమే ఇస్తే బనీన్లు ఆపి, గ్రౌండు అంచున కుళాయి ఉన్న నీళ్ళ డ్రమ్ము ముందు పెట్టించండి. నీళ్ళకోసం రెండో అంతస్తు ఎక్కి దిగేసరికే రెండు టర్నులు పోతాయి.