వీసా ప్యాకేజీ నాలుగు లక్షలు అంటున్నారు: అందులో అసలు ఫీజు ఎంత?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలో ఎంఎస్ చేయాలని దాని కోరిక, కుదరకపోతే యూకే అంటోంది. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు వీసా ప్యాకేజీ నాలుగు లక్షలవుతుందనీ, ఈ నెలలోనే లక్ష అడ్వాన్సు కట్టాలనీ, బ్యాంకు బ్యాలెన్సు కూడా తామే చూపిస్తామనీ చెబుతున్నారు. అమెరికా పౌరుడైన మా బావమరిది మాత్రం స్టూడెంట్ వీసా ఎందుకు, మీ కుటుంబం మొత్తానికి గ్రీన్ కార్డుకు పిటిషన్ వేస్తానంటున్నాడు. దేనికి ఎంత ఖర్చవుతుందో, ఏది మేలో చెప్పగలరు.

జవాబు: మాస్టారూ, ముందుగా మీరు అడిగిన అంకె చెబుతాను. అమెరికా ఎఫ్-1 విద్యార్థి వీసాకు ప్రభుత్వానికి కట్టవలసినవి ప్రధానంగా రెండే ఫీజులు. విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు. డాలరును 90 రూపాయలుగా లెక్కిస్తే రెండూ కలిసి సుమారు 48,000 రూపాయలు. వీటికి తోడుగా, 2025 జూలైలో అమెరికా చేసిన చట్టం 250 డాలర్ల అదనపు వీసా రుసుమును కూడా నిర్దేశించింది కాబట్టి, మీరు ఫీజు కట్టే రోజున కాన్సులేట్ అధికారిక వెబ్‌సైట్‌లో అది వసూలవుతున్నదో లేదో చూసుకోండి. అదీ కలిపినా మొత్తం 71,000 రూపాయలు దాటదు. అంటే మీకు చెప్పిన నాలుగు లక్షలలో మూడు లక్షలకు పైగా మొత్తం వీసా ఫీజు కానే కాదు. అది దేనికోసమో వివరంగా రాసి ఇమ్మని అడిగే హక్కు మీకుంది.

ఒక సేవకు రుసుము తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. విశ్వవిద్యాలయాల ఎంపిక, దరఖాస్తుల పరిశీలన, ఇంటర్వ్యూ సాధన వంటివి నిజాయితీగా చేసేవారు ఉన్నారు, ఆ శ్రమకు విలువ ఉంది. అయితే ‘వీసా ప్యాకేజీ’ అన్న ఒక్క మాట కింద ప్రభుత్వ ఫీజు, విశ్వవిద్యాలయ దరఖాస్తు ఫీజు, కన్సల్టెన్సీ రుసుము, స్లాట్ బుకింగ్ ఛార్జీ, బ్యాలెన్సు చూపించినందుకు వడ్డీ అన్నీ కలిపేసినప్పుడు, ఏది తప్పనిసరో ఏది అనవసరమో తల్లిదండ్రులకు తెలియకుండా పోతుంది. ఉదాహరణకు ఇంటర్వ్యూ స్లాటుకు విడిగా పైసా కట్టనవసరం లేదు, అది 185 డాలర్లలోనే ఉంది. దళారులు బాట్ల (తమంతట తామే బుక్ చేసే సాఫ్ట్‌వేర్ల) సాయంతో పట్టిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను భారత్‌లోని అమెరికా ఎంబసీ 2025 మార్చిలో రద్దు చేసిన సంగతి గుర్తుంచుకోండి. అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌ను మీ అమ్మాయి తన ఈ-మెయిల్‌తో తానే తెరవాలి, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉండాలి.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ ఉత్తరంలోని ‘బ్యాలెన్సు తామే చూపిస్తాం’ అన్న వాక్యం. వీసా ఖర్చుల్లో కట్టే డబ్బు వేరు, చూపే డబ్బు వేరు. చూపే డబ్బు మీదే, అది చదువుకు, తిండికి, అద్దెకు ఖర్చయ్యే సొమ్ము. ఆ సొమ్ము నిజంగా ఉన్నదా లేదా అని తెలుసుకోవడానికే దాన్ని చూపమంటారు. కొన్ని వారాలకు మీ ఖాతాలో ఎవరిదో డబ్బు వేసి, వడ్డీ పట్టుకుని, వీసా రాగానే వెనక్కి తీసుకుంటే, ఆ తర్వాత అమ్మాయి రెండో సెమిస్టర్ ఫీజు ఎక్కడి నుంచి వస్తుంది? చట్టం వైపు నుంచి చూస్తే నష్టం ఇంకా పెద్దది. తప్పుడు సమాచారంతో వీసా పొందాలని చూసినట్లు తేలితే అమెరికాలో జీవితాంతం ప్రవేశ నిషేధం పడవచ్చు. యూకేలో అది 10 సంవత్సరాలు, కెనడాలో 5 సంవత్సరాలు, ఆస్ట్రేలియాలో 3 సంవత్సరాలు. పత్రాలు కన్సల్టెన్సీ తయారు చేసిందని చెప్పినా ప్రయోజనం ఉండదు, దరఖాస్తు మీద పేరు మీ అమ్మాయిది. సొంత పొదుపు చాలకపోతే బ్యాంకు విద్యారుణ మంజూరు పత్రం చూపడం పూర్తిగా న్యాయమైన మార్గం, అమెరికా విశ్వవిద్యాలయాలు ఐ-20 (వీసాకు కావలసిన ప్రవేశ ధ్రువపత్రం) ఇవ్వడానికి దాన్ని అంగీకరిస్తాయి. మరో వెసులుబాటు కూడా ఉంది. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు మించి విదేశానికి పంపితే బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) తీసుకుంటుంది, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవాలి. బ్యాంకు విద్యారుణం నుంచి పంపే మొత్తానికి ఆ టీసీఎస్ ఉండదు.

యూకే విషయంలో లెక్క వేరుగా ఉంటుంది. విద్యార్థి వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లకు పెరిగింది. దానికన్నా బరువైనది ఆరోగ్య సర్‌ఛార్జీ, విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు. కోర్సు ఒక సంవత్సరమే అయినా వీసా అదనపు నెలలతో కలిపి ఇస్తారు కాబట్టి, సాధారణంగా ఏడాదిన్నరకు లెక్కగట్టి 1,164 పౌండ్లు తీసుకుంటారు. పౌండును 120 రూపాయలుగా చూస్తే రెండూ కలిసి రెండు లక్షలు దాటుతాయి. క్షయ పరీక్ష ఖర్చు దీనికి అదనం. దేశం చిన్నది, కోర్సు చిన్నది కాబట్టి వీసా కూడా చవక అని చాలామంది అనుకుంటారు గానీ, వీసా ఖర్చు వరకే చూస్తే యూకే అమెరికా కన్నా మూడు, నాలుగు రెట్లు. చూపవలసిన డబ్బుకు అక్కడ కచ్చితమైన నియమం ఉంది. 2025 నవంబర్ నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, ఇతర ప్రాంతాల్లో 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు సరిపడా సొమ్ము, మిగిలిన ట్యూషన్ ఫీజుతో కలిపి, 28 రోజులు వరుసగా ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా దరఖాస్తు తిరస్కరించవచ్చు.

వీసా రాకపోతే డబ్బు ఏమవుతుందో తల్లిదండ్రులు తరచుగా అడగరు, కానీ మీ బడ్జెట్‌కు అది చాలా ముఖ్యం. అమెరికా దరఖాస్తు ఫీజు 185 డాలర్లు తిరిగి రావు, మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ కట్టాలి. సెవిస్ ఫీజు కూడా వాపసు ఉండదు గానీ, తిరస్కరణ జరిగిన 12 నెలల్లోపు అదే తరగతి వీసాకు మళ్లీ దరఖాస్తు చేస్తే రెండోసారి కట్టనక్కరలేదు. యూకేలో వీసా ఫీజు పోతుంది, ఆరోగ్య సర్‌ఛార్జీ మాత్రం మొత్తం వెనక్కి వస్తుంది. కన్సల్టెన్సీ తన రుసుములో ఎంత వాపసు ఇస్తుందో అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కెనడా స్టడీ పర్మిట్ 150 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85, మన రూపాయల్లో 15,000 చిల్లర మాత్రమే. అయితే 2025 సెప్టెంబర్ నుంచి జీవన వ్యయానికి 22,895 కెనడా డాలర్లు చూపాలి, అది దాదాపు 15 లక్షలు. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా ఫీజు 2024 జూన్ దాకా 710 ఆస్ట్రేలియా డాలర్లుండగా, ఆ జూలైలో 1,600కు, 2025 జూలైలో 2,000కు పెంచారు, అంటే ఇప్పుడు లక్షా ఇరవై వేల రూపాయల దాకా. జర్మనీ వీసా 75 యూరోలే, మనవారికి తప్పనిసరైన ఏపీఎస్ ధ్రువపత్రానికి (చదువు సర్టిఫికెట్ల పరిశీలన) 18,000 రూపాయలు, ఒకేసారి తీసుకోవడానికి వీలులేని బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. ఆ డబ్బు అక్కడ నెలనెలా అమ్మాయి చేతికే వస్తుంది కాబట్టి దాన్ని నేను ఖర్చుగా లెక్కించను.

ఇప్పుడు మీ బావమరిది గారి సలహాకు వస్తాను. ఆయన మంచి మనసుతోనే చెప్పారు, పిటిషన్ వేయడం ఖరీదైనదీ కాదు. అమెరికా పౌరులు తోబుట్టువుల కోసం వేసే ఐ-130 పిటిషన్‌కు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు. వంతు వచ్చిన తర్వాత మనిషికి 325 డాలర్ల వలస వీసా ఫీజు, మనిషికి 235 డాలర్ల గ్రీన్ కార్డు ఫీజు, కుటుంబానికి ఒకటిగా ఆర్థిక హామీ పత్రాల పరిశీలనకు 120 డాలర్లు ఉంటాయి. ఇప్పటి రేట్ల ప్రకారం మీ దంపతులిద్దరికీ కలిపి సుమారు 1,865 డాలర్లు, అంటే లక్షా అరవై ఎనిమిది వేలు. వైద్య పరీక్షలు వేరు. అసలు సమస్య కాలం. ఈ తరగతిలో భారతీయులకు 2006 ప్రాంతంలో వేసిన పిటిషన్లకు 2025లో వంతు వచ్చింది. మీ శ్రీమతి పేర ఈరోజు పిటిషన్ వేస్తే, వంతు వచ్చేసరికి మీ అమ్మాయి 21 సంవత్సరాల పరిమితిని ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, ఆమెకు ఆ పిటిషన్ వల్ల గ్రీన్ కార్డు రాదు. కాబట్టి అది ఆమె చదువుకు ప్రత్యామ్నాయం కాదు. మీ దంపతులకు మలి వయసులో అక్కడ ఉండాలని నిజంగా ఉంటే వేయించుకోండి, లేకపోతే తొందర లేదు. వేస్తే మాత్రం ఆ తర్వాత మీ శ్రీమతి విజిటర్ వీసాకు దరఖాస్తు చేసినప్పుడు, వలస పిటిషన్ ఎవరైనా వేశారా అన్న ప్రశ్నకు ‘అవును’ అనే రాయాలి. దాని ప్రభావం ఇంటర్వ్యూ మీద ఉండవచ్చని తెలిసి నిర్ణయించుకోవాలి.

చదువు అయ్యాక ఉద్యోగం, స్థిరనివాసం దశల్లో ఎంత అవుతుందని కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా మోసపోయేది అక్కడే. అమెరికాలో చదువయ్యాక కొంతకాలం పని చేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతికి 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 470 డాలర్లు, ఇది విద్యార్థి కట్టుకోవలసిందే. ఉద్యోగ వీసా అయిన హెచ్-1బి దగ్గరకు వచ్చేసరికి లెక్క పూర్తిగా మారుతుంది. లాటరీ రిజిస్ట్రేషన్ 215, పిటిషన్ 780, శిక్షణ నిధికి 1,500, మోసాల నివారణకు 500, ఆశ్రయ కార్యక్రమానికి 600, వెరసి ఓ మోస్తరు పెద్ద కంపెనీకి 3,595 డాలర్లు. దీనిపై న్యాయవాది ఖర్చు ఉంటుంది. ఇది మీ అమ్మాయి ఖర్చు కాదు, ఉద్యోగం ఇచ్చే యజమాని ఖర్చు. ముఖ్యంగా ఆ 1,500 డాలర్ల శిక్షణ రుసుమును ఉద్యోగి నుంచి వసూలు చేయడాన్ని చట్టమే నిషేధించింది. గ్రీన్ కార్డు తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ ఖర్చును, దాని న్యాయవాది రుసుముతో సహా, యజమానే భరించాలన్న నిబంధన 2007 నుంచి అమలులో ఉంది. ‘హెచ్-1బి వేయిస్తాం, అయిదు లక్షలు ఇవ్వండి’ అనే చిన్న కంపెనీలు మన ఊళ్లకు ఫోన్లు చేస్తూనే ఉంటాయి. డబ్బు అడిగిందంటేనే ఆ కంపెనీ దగ్గర చూపించడానికి నిజమైన ఉద్యోగం ఉన్నదా అని అనుమానించాలి.

2025 సెప్టెంబర్‌లో వెలువడిన లక్ష డాలర్ల రుసుము ప్రకటనతో చాలా ఇళ్లలో భయం పట్టుకుంది. అది అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు. ఆ దేశంలోనే చదువుకుని, అక్కడే ఉండి విద్యార్థి హోదా నుంచి హెచ్-1బి హోదాకు మారేవారికి అది వర్తించదని అమెరికా వలస విభాగం 2025 అక్టోబర్‌లో స్పష్టం చేసింది. దానివల్ల అమెరికాలో చదివిన అభ్యర్థికి, ఇక్కడి నుంచి నేరుగా వెళ్లదలచిన అభ్యర్థికి మధ్య తేడా పెరిగింది. విధానాలు మారుతున్న కాలం కాబట్టి ఈ ఒక్క అంశం ఆధారంగా 40 లక్షల రుణం తీసుకోవద్దు.

యూకేలో చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు 2025 ఏప్రిల్ లెక్కన 880 పౌండ్లు, దానితో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌ఛార్జీ, ఒకేసారి కట్టాలి. పైగా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వారికి ఆ వీసా రెండేళ్లు కాక 18 నెలలే ఇస్తారు. మీ అమ్మాయి ఆ పరిధిలోకే వస్తుంది. అంటే చదువు ముగిసిన వెంటనే రెండున్నర వేల పౌండ్లకు కొంచెం తక్కువగా, సుమారు మూడు లక్షలు సిద్ధంగా ఉండాలి. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌ను లక్షలు పోసి కొనేవారు మనలో ఎంతోమంది ఉన్నారు. ఆ సర్టిఫికెట్ ఫీజును, యజమాని కట్టే నైపుణ్య సుంకాన్ని ఉద్యోగి మీద వేయకూడదని అక్కడి నియమం. కొన్న సర్టిఫికెట్ వెనుక ఉద్యోగం లేకపోతే వీసా రద్దవుతుంది, కట్టిన డబ్బుకు రసీదు కూడా ఉండదు.

మీ ఇంటి లెక్కకు నా సలహా ఇది. అమ్మాయికి కంప్యూటర్ సైన్స్‌లో మంచి మార్కులు, చెప్పుకోదగిన ప్రాజెక్టులు ఉంటే అమెరికాకే ప్రయత్నించండి, ఎందుకంటే సాంకేతిక కోర్సు చదివినవారికి ఓపీటీ మీద 24 నెలల పొడిగింపు ఉంది, రుణం తీర్చడానికి ఆ సమయం ఉపయోగపడుతుంది. ఒక్కసారి తిరస్కరణ జరిగినా తట్టుకునేలా వీసా దశకు లక్ష రూపాయలు విడిగా పెట్టుకోండి. మీది ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ కుటుంబమై, ఆదాయ పరిమితికి లోబడి ఉంటే, తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాల కింద 20 లక్షల వరకు సాయం అందుతుంది, దాని నోటిఫికేషన్ కోసం ఈ-పాస్ పోర్టల్ చూస్తూ ఉండండి.

కన్సల్టెన్సీ వారికి ఈ నెల లక్ష కట్టవద్దు. ఏ పనికి ఎంత, ఏది వాపసు వస్తుంది అన్నది వారి లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి ఇమ్మనండి. అమ్మాయి అసలు సర్టిఫికెట్లు వారి దగ్గర ఉంచవద్దు. ప్రభుత్వ ఫీజులన్నీ మీ ఖాతా నుంచే, అమ్మాయి పేర రసీదు వచ్చేలా కట్టండి. ‘సెవిస్ ఫీజు ఇప్పుడే కట్టేయాలి’ అని ఎవరైనా తొందరపెడితే, అమ్మాయి సెవిస్ సంఖ్య ఏదో చూపించమనండి. విశ్వవిద్యాలయం ఐ-20 జారీ చేసేదాకా ఆ సంఖ్య ఉండదు, సంఖ్య లేకుండా ఆ ఫీజు కట్టడానికి వీలు లేదు.