22 లక్షల రోడ్‌స్టర్: అమ్మేవాడికి ఎంత, కారుకి ఎంత?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 43, రెండు మెడికల్ షాపులు ఉన్నాయి. 2009లో 4 లక్షలకి కొన్న స్థలాన్ని ఈమధ్య 28 లక్షలకి అమ్మాను. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు (రోడ్‌స్టర్) కొనాలని కాలేజీ రోజుల నుంచి కోరిక. బెంగళూరులో 2012లో రిజిస్టరైన బీఎండబ్ల్యూ జెడ్4 ఎస్‌డ్రైవ్ 35ఐ ఉంది. 58 వేల కిలోమీటర్లు తిరిగిందట, 22 లక్షలు అడుగుతున్నారు. ఇంటి అవసరాలకి ఎర్టిగా ఉంది. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. నెలకి ఇంటి ఖర్చు 50 వేలు, అన్నీ పోను 40 వేలు మిగులుతాయి. తక్కువపడితే 10 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. కొనొచ్చా? పాత రోడ్‌స్టర్‌లో ఏమేం చూసుకోవాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జవాబు: ముందు నా మాట చెప్పేస్తాను. ఈ కారుని ఈ ధరకి, అదీ లోన్ తీసుకుని కొనొద్దు. మీ కోరికని నేను తప్పుపట్టడం లేదు. రెండు షాపులు నిలబెట్టుకున్న మనిషి తనకి ఇష్టమైనది ఒకటి కొనుక్కోవాలనుకోవడం న్యాయమే. కానీ ఇలాంటి కారుకి డబ్బు రెండుసార్లు ఇవ్వాలి. ఒకసారి అమ్మినవాడికి, తర్వాత కారుకి. మీరు మొదటి లెక్క ఒక్కటే వేసుకున్నారు.

స్థలం డబ్బుతో మొదలుపెడదాం. ఆ 28 లక్షలు మొత్తం మీవి కావు. 4 లక్షలు పోను లాభం 24 లక్షలు. దీర్ఘకాలిక మూలధన లాభం కింద 12.5 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు కలిపితే సుమారు 3.12 లక్షలు. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి లెక్కగట్టడం) 20 శాతం కట్టే వీలూ ఉంది గానీ, మీ విషయంలో అలా కడితే ఇంకా ఎక్కువవుతుంది. ఇల్లు కొనడమో, నిర్ణీత బాండ్లలో పెట్టడమో చేస్తే మినహాయింపు దొరుకుతుంది. కారు కొంటే దొరకదు. అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే పన్ను) గడువు దాటితే వడ్డీ పడుతుంది, మీ ఆడిటర్‌ని ఈ వారంలోనే కలవండి.

పన్ను పోను దాదాపు 24.9 లక్షలు. అమ్మాయి ఇంకో రెండేళ్ళలో ఇంజనీరింగో మెడిసినో అంటుంది. దానికి 8 లక్షలు ఎఫ్‌డీలో వేసి ముట్టుకోకండి. ఇంటి ఖర్చుకి ఆరు నెలలకి సరిపడా 3 లక్షలు విడిగా ఉండాలి. మిగిలేది 13.9 లక్షలు. ఇందులో 4 లక్షలు కారు రిపేర్లకని కొనకముందే పక్కన పెట్టమంటాను. ఇక కారు కొనడానికి ఉన్నవి పది లక్షల లోపే. 22 లక్షల కారుకి ఇది చాలదు.

ఆ తేడాకి లోన్ అంటున్నారు. 10 లక్షలు, 14 శాతం వడ్డీ, మూడేళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 34,180 ఈఎంఐ. మూడేళ్ళలో కట్టేది 12.3 లక్షలు. మీకు మిగిలేది నెలకి 40 వేలు. అంటే అమ్మాయి కాలేజీలో చేరే సమయానికి మీ మిగులు దాదాపు అంతా ఈఎంఐకే పోతుంటుంది. షాపులో ఒక నెల బేరం పడిపోతే టెన్షన్ ఇంటిదాకా వస్తుంది. పోనీ కారు లోన్ అయినా తీసుకుందామంటే, ఇంత పాత కారుకి బ్యాంకులు సాధారణంగా ముందుకి రావు.

ధర విషయంలో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే చెల్లుతుంది. 2012 కారుకి 2027లో గడువు. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. మామూలు కారుకి ఆ ఫీజు 5 వేలు. దిగుమతి కారుకి 40 వేలు. 20 ఏళ్ళు దాటితే దిగుమతి కారుకి 80 వేలని 2025 ఆగస్టులో కేంద్రం పెంచింది. జెడ్4 విదేశంలో తయారై వచ్చిన కారు కాబట్టి ఆర్సీలో దాన్ని ఏ వర్గంలో రాశారో చూడండి. ఈ గడువు దగ్గరపడుతోందని అమ్మేవాడికి బాగా తెలుసు. బేరంలో ఇది మీకు దొరికిన మొదటి పట్టు.

రెండో పట్టు లైఫ్ ట్యాక్స్, అంటే రాష్ట్రానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను. కర్ణాటక నంబరుతో ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఆంధ్రప్రదేశ్ నంబరు వేయించుకోవాలి, లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అది మీరు 22 లక్షలకి కొన్నారా, 15కి కొన్నారా అన్నదాని మీద ఉండదు. కొత్తగా ఉన్నప్పటి ధర, కారు వయసు చూసి వేస్తారు. ఇలాంటి ఖరీదైన కారుకి వయసు తగ్గింపు పోయినా లక్షల్లోనే ఉంటుంది. కర్ణాటకలో కట్టినదాంట్లో వెనక్కి వచ్చేది, కారు ఇంత పాతదయ్యాక, చాలా తక్కువ. అనంతపురం ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ నకలు చూపించి ఆ అంకె తెలుసుకున్నాకే బేరానికి కూర్చోండి.

ఇక కారు సంగతి. 35ఐలో ఉన్నది ఎన్54 ఇంజను. మూడు లీటర్లు, రెండు టర్బోలు (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపేవి), 306 హార్స్‌పవర్. నడపడానికి గొప్ప ఇంజను. దాని జబ్బులు కూడా ప్రపంచమంతా తెలిసినవే. మొదటిది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, అంటే పెట్రోలుని ఎక్కువ ఒత్తిడితో ఇంజనుకి పంపేది. ఈ పంపు గురించి ఫిర్యాదులు ఎంతగా వచ్చాయంటే అమెరికాలో కంపెనీయే దీనికి వారంటీని పదేళ్ళకి పెంచింది. మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందురోజే ఫోన్ చేసి 'నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు' అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజు చూడటం మానేయండి. స్టార్టర్ చాలాసేపు తిరిగాక గానీ అందుకోకపోయినా, కారు ఆగి ఉండి ఇంజను మాత్రమే నడుస్తున్నప్పుడు (ఐడిలింగ్) వణుకుతున్నా పంపునో ఇంజెక్టర్లనో అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు రేకు డబ్బా కొట్టుకున్నట్టు శబ్దం వస్తే టర్బో వేస్ట్‌గేట్లు (టర్బో ఒత్తిడిని అదుపు చేసే తలుపులు) అరిగాయని. టర్బోల పని అంటే పెద్ద ఖర్చు.

ఆయిల్ లీకు ఇంకో విషయం. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్, ఈ రెండు చోట్లా చూడమనండి. రెండోది చిన్న గ్యాస్కెటే, కానీ అక్కడ కారిన నూనె బెల్టు మీద పడుతుంది. బెల్టు పీచులు పీచులుగా తెగి ఇంజను లోపలికి పోయిన సందర్భాలు ఉన్నాయి. చిన్న ఖర్చుని వాయిదా వేస్తే పెద్దది నెత్తిన పడేది ఇక్కడే.

వాటర్ పంపు ఈ ఇంజనుకి కరెంటుతో తిరుగుతుంది. బాగా నడుస్తున్నట్టే ఉండి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఎండాకాలంలో ఎన్‌హెచ్ 44 మీద పెనుకొండ దాటాక ఆగితే ఏం చేస్తారు? దీనికి దగ్గరలో అధికారిక సర్వీసు బెంగళూరులోనే. అనంతపురం నుంచి రెండొందల కిలోమీటర్ల పైనే, ఆ దూరం ఫ్లాట్‌బెడ్ మీద పంపాలి. పంపు, థర్మోస్టాట్ మార్చిన బిల్లు ఉందా అని అడగండి. లేకపోతే అవి మీ ఖర్చే అని ధరలో తగ్గించుకోండి. గేర్‌బాక్సు ఏడు గేర్ల డబుల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చుకునేది. ట్రాఫిక్‌లో మెల్లగా పోనిచ్చి చూడండి. కుదుపులు, తడబాటు ఉండకూడదు.

రోడ్‌స్టర్‌లో అసలు సొగసు పైకప్పు. డబ్బు తినేదీ అదే. జెడ్4ది రెండు ముక్కల అల్యూమినియం కప్పు, హైడ్రాలిక్స్‌తో మడుచుకుని డిక్కీలోకి వెళ్తుంది. దాదాపు ఇరవై సెకన్లలో అయిపోవాలి. ఒక్కసారి తెరిచి చూపించి 'చూశారా, పర్ఫెక్ట్' అంటే ఒప్పుకోకండి. ఇంజను వేడెక్కక ముందు కొన్నిసార్లు, గంట నడిపి వచ్చాక కొన్నిసార్లు తెరిపించి మూయించండి. మధ్యలో ఆగినా, ఒక పక్క వంగి కదిలినా, పంపు మూలిగినా గమనించండి. డిక్కీలో సామాను కోసం ఒక అడ్డు ఉంటుంది. అది సరిగ్గా బిగించకపోతే కప్పు కదలదు. దాన్ని బిగించాక కూడా కదలకపోతే సెన్సరో, డిక్కీ కీలు దగ్గర తెగిన వైరో, హైడ్రాలిక్ పంపో. 'చిన్న సెన్సర్ సార్' అన్న మాటకి విలువ ఇవ్వకండి. చిన్నదైతే అమ్మేముందు ఆయనే మార్పించి ఉండేవాడు.

నీళ్ళ లీకు గురించి మనవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. దేశంలోనే వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో మనది ఒకటి. ఇక్కడికి తెచ్చాక లీకు నెలల తరబడి బయటపడదు, పడేసరికి వైరింగ్ పాడై ఉంటుంది. అందుకే బెంగళూరులోనే, మీ ఎదురుగా, వాటర్ వాష్ చేయించండి. కప్పు అంచుల వెంట నిదానంగా నీళ్ళు పోయించండి. ఆ నీళ్ళు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి, ఆకులూ దుమ్మూ చేరి మూసుకుపోతుంటాయి. తర్వాత డిక్కీలో మ్యాట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. బ్యాటరీ కూడా అక్కడే ఉంటుంది. తడి, తుప్పు, ముక్కిపోయిన వాసన, ఈ మూడింట్లో ఏది ఉన్నా నేనైతే ఆ కారు వదిలేస్తాను. ఏ ధరకైనా సరే. రబ్బరు బీడింగులు ఎండకి గట్టిపడి పగిలాయేమో కూడా చూడండి. ఇక మన ఎండలు ఎలాగూ వాటిని ఇంకా ఎండబెడతాయి, నీడలో షెడ్డు లేనివాళ్ళు ఈ కారు జోలికి పోకపోవడం మంచిది.

టైర్లు రన్‌ఫ్లాట్, అంటే గాలి పోయినా కొంతదూరం నడిచేవి, కాబట్టి స్టెప్నీ ఉండదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని. ఆరేళ్ళు దాటితే అరుగుదల లేకపోయినా మార్చాల్సిందే. ఈ బిర్రు టైర్ల వల్ల గుంటల్లో పడినప్పుడు దెబ్బ రిమ్ముకి తగిలి పగుళ్ళు వస్తాయి. కారుని లిఫ్ట్ మీద ఎత్తించి చక్రాల లోపలి వైపు చూడాలి. బయటి నుంచి కనపడవు.

58 వేల కిలోమీటర్లు నిజమేనా? బీఎండబ్ల్యూ తాళంలో కిలోమీటర్ల వివరం నమోదై ఉంటుంది, సర్వీసు సెంటర్లో చదివి చెప్తారు. రెండు తాళాలూ అడగండి. సర్వీసు చరిత్ర, తాళం, మీటరు ఒకే మాట చెప్పాలి. ఈ తనిఖీ మొత్తం అమ్మేవాడికి సంబంధం లేని వర్క్‌షాపులో, మీ డబ్బుతో చేయించండి. ఏమేం మార్చాలో లేబరుతో సహా రాయించుకోండి. ఆ కాగితం మీద ఉన్న మొత్తం నేను చెప్పిన 4 లక్షలు దాటితే వెనక్కి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ ఈ ఖర్చులు ఆదుకుంటుందని అనుకోకండి. పంపు పోయినా, కప్పు ఆగినా అది అరుగుదల, పాలసీ కింద రాదు. యాక్సిడెంట్ అయినా పదేళ్ళు దాటిన కారుకి లోహపు భాగాల మీద 50 శాతం, ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం తరుగుదల కోస్తారు. ఈ కోత లేకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ పాలసీ ఇంత పాత కారుకి ఇవ్వడం అరుదు. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా మీకు రాదు, అది మనిషిది, కారుది కాదు. షాపు పేరు మీద కొందామన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. రెండు సీట్ల కారు మందుల షాపుకి ఎందుకని ఆదాయపు పన్ను వాళ్ళు అడిగితే జవాబు ఉండదు, జీఎస్టీ క్రెడిట్ కూడా రాదు.

మరి ఎప్పుడు కొనొచ్చు? 13.9 లక్షలు స్వల్పకాలిక ఎఫ్‌డీల్లో ఉంచి, మిగులులోంచి నెలకి 20 వేలు దానికి కలపండి. ఏడాదిన్నరకి వడ్డీ కాకుండానే 17.5 లక్షలవుతాయి. ఈలోపు ఇలాంటి 2012 కార్లు చాలావరకు రెన్యువల్ గడువు దాటతాయి. ఫీజు కట్టి, తనిఖీ పాసై, ఐదేళ్ళ కొత్త కాగితంతో ఉన్న కారునే అప్పుడు వెతకండి. లైఫ్ ట్యాక్స్‌తో కలిపి 13 లక్షలు దాటకూడదు, 4 లక్షలు రిపేర్లకి అలాగే ఉండాలి. ఆ ధరకి మంచి కారు దొరక్కపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి. కప్పు తీసి తిరగాలన్నదే ముఖ్యమైతే 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ కప్పు) రకం ఉండేది, సర్వీసు అనంతపురంలోనే అవుతుంది. అది రోడ్‌స్టర్ కాదని నాకూ తెలుసు, అయినా ఒకసారి నడిపి చూడండి.

ఇంట్లో మాత్రం ఇప్పుడే చెప్పండి. స్థలం మీ పేరునే ఉన్నా, దాని మీద మీ ఆవిడ లెక్కలు ఆవిడకి ఉంటాయి. అమ్మాయి 8 లక్షల ఎఫ్‌డీ రసీదు ముందు చూపించి, ఆ తర్వాత కారు మాట ఎత్తండి.

కొనే రోజు వచ్చినప్పుడు టోకెన్‌గా చిన్న మొత్తమే ఇవ్వండి. కారు మీద పాత ఫైనాన్స్ ఉంటే అది తీరిందని చూపే ఫారం 35, ఇంకా ఫారం 28 ఎన్‌ఓసీ (ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), పేరు మార్పుకి సంతకాలు చేసిన 29, 30 ఫారాలు చేతికి వచ్చాకే మిగతాది ఇవ్వాలి. చలాన్లు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో చూసుకోండి. డీలరు దగ్గర కొంటే జీఎస్టీ 18 శాతం ఆయన లాభం మీదే, కారు మొత్తం ధర మీద కాదు. బిల్లులో ఎలా వేశారో చూడండి. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపండి. 'రెండు లక్షలు పైన క్యాష్ ఇస్తే ధర తగ్గిస్తా' అనేవాడి దగ్గర కొనకండి.