సీజన్‌కి ముందు మూడు వారాలు వినడమే పని

మీరు అడిగింది ఇది: "మిస్సోరీలో ఉంటాను. ఈ ఏప్రిల్‌లో మొదటిసారి టర్కీ కోళ్ల వేటకు వెళ్తున్నాను. కాల్ (టర్కీలా కూత పెట్టే చిన్న పరికరం) కొనుక్కుని రోజూ ప్రాక్టీస్ చేస్తున్నాను. సీజన్‌కి ముందే అడవిలోకి వెళ్లి కాల్ చేసి, పక్షులు ఎక్కడున్నాయో చూసుకోవచ్చా? ఎప్పటి నుంచి వెళ్లాలి, ఏం వెతకాలి?"

ముందుగా వెళ్లి చూసుకోండి, తప్పకుండా. కాల్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి. నేను ఇక్కడి ఓజార్క్ గుట్టల్లో తొమ్మిది వసంతాలుగా తిరుగుతున్నాను. కొన్ని రోజులు మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లో, కొన్ని రోజులు నాకు ఈ వేట నేర్పిన ఒక పెద్దాయన పొలంలో. ఆయన నాకు చెప్పిన మొదటి మాట కూడా ఇదే.

ఎందుకంటే టర్కీల్లో సహజంగా పుంజు ఒక చోట నిలబడి కూస్తుంది, పెట్ట దాని దగ్గరికి నడిచి వెళ్తుంది. మనం పెట్టలా కూసి పుంజునే మన దగ్గరికి రమ్మంటున్నాం, అంటే దాని అలవాటుకు ఎదురు అడుగుతున్నాం. మార్చిలో మీరు కూస్తే ఒక పుంజు నమ్మి వచ్చిందనుకోండి. అక్కడ పెట్ట ఉండదు, మనిషి ఉంటాడు. దాని చూపు చాలా పదును, రంగులు కూడా బాగా తెలుస్తాయి, మెడ కాస్త తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. మీరు దాన్ని చూసేలోపే అది మిమ్మల్ని చూసి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏప్రిల్‌లో మీరు ఎంత చక్కగా కూసినా అది దగ్గరికి రావడం కష్టం.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది. ఇక్కడ వసంత సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది. మొదటి ఏడాది నేను ఫిబ్రవరిలోనే తిరగడం మొదలుపెట్టాను. మొక్కజొన్న కోసేసిన ఒక చేనులో రాలిన గింజలు ఏరుకుంటూ ముప్ఫైకి పైగా పక్షులు కనిపించాయి. ఇక వెతకాల్సిన పని లేదనుకున్నాను. ప్రారంభం రోజు చీకట్లోనే వెళ్లి ఆ చేను గట్టు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఒక్క కూత కూడా వినపడలేదు. చలికాలంలో టర్కీలు తిండి ఉన్న చోట పెద్ద గుంపులుగా ఉంటాయి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఆ గుంపులు విడిపోతాయి. పెట్టలు గుడ్లు పెట్టడానికి అనువైన చోట్లు వెతుక్కుంటూ పోతాయి, పుంజులు వాటి వెనకాలే పోతాయి. ఫిబ్రవరిలో చూసింది ఆ చుట్టుపక్కల పక్షులున్నాయని చెబుతుంది, అంతే. సీజన్‌లో ఎక్కడ ఉంటాయో తెలియాలంటే చివరి మూడు వారాల్లో చూసిందే లెక్క.

ఆ మూడు వారాల్లో వీలైనన్ని తెల్లవారుజాములు వినడానికి పెట్టుకోండి. సూర్యోదయానికి గంట ముందే ఎత్తైన చోటుకి చేరాలి. గుట్ట అంచున పోయే కంకర రోడ్డు అయితే మరీ మంచిది, రెండు వైపుల లోయలూ వినపడతాయి. కారు దూరంగా ఆపి, తలుపు నెమ్మదిగా నొక్కి మూయండి. రాత్రిళ్లు టర్కీలు చెట్ల మీదే ఉంటాయి. మా వైపు వాగు పక్కన ఉండే తెల్లటి సికమోర్ చెట్లు, గుట్ట వాలులో పెద్ద ఓక్ చెట్లు వాటికి ఇష్టం. వెలుగు రాకముందే పుంజులు కొమ్మ మీద నుంచే కూయడం మొదలుపెడతాయి. గాలి లేని, ఆకాశం తేటగా ఉన్న చల్లటి ఉదయం ఆ కూత చాలా దూరం వినిపిస్తుంది. గాలి గట్టిగా వీచే రోజు వినపడలేదని ఆ చోటు కొట్టేయకండి, ఇంకో రోజు మళ్లీ రండి.

ఎంతకీ కూయకపోతే గుడ్లగూబలా ఒకసారి కూసి చూడొచ్చు. ఇక్కడి బార్డ్ ఔల్ ఎనిమిది ముక్కలుగా కూస్తుంది. ఆ అరుపు, కాకి అరుపు, ఒక్కోసారి కారు తలుపు దఢాలున పడినా సరే, పుంజు ఉలిక్కిపడి బదులు కూస్తుంది. దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే ఆ శబ్దం దాన్ని ఎక్కడికీ రమ్మనదు. కూత వినగానే ఫోన్ మ్యాప్‌లో మీరున్న చోటు, శబ్దం వచ్చిన దిక్కు, టైమ్ గుర్తుపెట్టుకోండి. మరో రెండు మూడు చోట్ల నుంచి విని గీతలు కలిపితే చెట్టు ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. దాని కిందికి వెళ్లి చూడాలనిపిస్తుంది. వెళ్లకండి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రెండో ఏడాది నేనూ ఆగిపోయాను. చెట్టు ఎక్కడో తెలిసింది కదా అని చీకట్లో దానికి వంద అడుగుల దూరంలో కూర్చున్నాను. నేను నడిచి వెళ్లిన చప్పుడు విందో, నా ఆకారమే కనిపించిందో, తెల్లవారాక పుంజు లోయ అవతలి వైపుకి ఎగిరి దిగి, కూసుకుంటూ దూరమైపోయింది. పెద్దాయన ఆ మాట విని అడిగింది ఒక్కటే: "అది రోజూ దిగాక ఎటు పోతుందో చూశావా?" నేను చూడలేదు. కూత వినగానే ఆఫీసుకి టైమ్ అవుతోందని తిరిగి వచ్చేసేవాణ్ణి.

చెట్టు దిగాక జరిగేదే అసలు సంగతి. పుంజు నేల మీదికి వచ్చాక పెట్టలతో కాసేపు తిరుగుతుంది. మన నెమలిలా పురి విప్పి, రెక్కల చివర్లు నేలకు ఆనించి, మెల్లగా అటూ ఇటూ నడుస్తుంది. దీనికి దానికి నచ్చిన చోట్లు ఉంటాయి: పచ్చిక మూల, పాత కలప బండ్ల దారి, గుట్ట మీద కాస్త చదునుగా ఉన్న జాగా. పొద్దెక్కాక పెట్టలు ఒక్కొక్కటే గుడ్డు పెట్టడానికి జారుకుంటాయి. రోజుకు ఒకటి చొప్పున పది, పన్నెండు గుడ్లు పెట్టి ఆ తర్వాత 28 రోజులు పొదుగుతాయి. ఒంటరిగా మిగిలిన పుంజు తన ఇష్టమైన చోటుకే మళ్లీ వస్తుంది. కాబట్టి సెలవు రోజుల్లో తెల్లవారాక కూడా ఉండండి. తొమ్మిది, పది గంటల దాకా దూరం నుంచి బైనాక్యులర్‌తో పొలాల అంచులు చూడండి.

పక్షులు లేనప్పుడు, మధ్యాహ్నం పూట, నేల మీద గుర్తులు వెతకవచ్చు. ఇంట్లో కోళ్లు పెంచిన వాళ్లకి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. మా అమ్మమ్మ పెరట్లో కోళ్లు కెలికిన నేల ఎలా ఉండేదో, ఓక్ చెట్ల కింద ఎండుటాకులు అలాగే వెనక్కి తోసి ఉంటాయి, కాకపోతే చాలా పెద్ద మేర. కింద మట్టి తడిగా, ముదురు రంగులో ఉంటే ఈ మధ్య కెలికిందే. రెట్ట చూస్తే మగ, ఆడ తేడా తెలుస్తుంది: పుంజుది పొడుగ్గా, చివర కొక్కెంలా వంగి ఉంటుంది, పెట్టది చుట్టుకుపోయిన చిన్న ముద్దలా ఉంటుంది. రొమ్ము ఈకలు దొరికితే అంచు చూడండి, నల్లగా ఉంటే పుంజు, లేత గోధుమ రంగులో ఉంటే పెట్ట. వాన పడిన తర్వాత బురద దారుల మీద అడుగులు చక్కగా పడతాయి. మడమ నుంచి మధ్య వేలి కొస దాకా నాలుగు అంగుళాలు దాటితే అది పుంజు అడుగే అనుకోవచ్చు.

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మే గుర్తు అడుగుల పక్కన గీతలు. పురి విప్పి నడిచినప్పుడు రెక్కల చివర్లు నేలను రాసుకుని అడుగులకు రెండు పక్కలా సన్నటి గీతలు పడతాయి. మూడో ఏడాది, సీజన్‌కి ఎనిమిది రోజుల ముందు, వాడకం లేని ఒక కలప బండ్ల దారి మలుపులో ఆ గీతలు చూశాను. పాతవి, కొత్తవి ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పుంజు పడుకునే చెట్టుకు అది చాలా దూరం. అక్కడికి మళ్లీ వెళ్లలేదు. ప్రారంభం రోజు చీకటి ఉండగానే ఆ మలుపుకి దగ్గర్లో, నా భుజాల కంటే వెడల్పైన ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. చెట్టు మీద నుంచి కూత వినిపించింది, దిగిన తర్వాత ఆగిపోయింది. రెండు గంటలకు పైగా ఏమీ లేదు. ఎదురుగా రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగులో పూసి ఉన్నాయి, చేతులు చల్లగా అయిపోయాయి, లేచి వెళ్లిపోదామని రెండుసార్లు అనుకున్నాను. తొమ్మిదింపావుకి మెత్తగా రెండు కూతలు కూశాను, అంతే. పది నిమిషాల తర్వాత ఎర్రటి, తెల్లటి తల ఒకటి మలుపులో కనిపించింది, ఏ చప్పుడూ లేకుండా. ఆ క్షణంలో నా గుండె చప్పుడు దానికి వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

ఆ తల రంగు మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెబుతాను. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం. ఆ మూడు రంగులూ మీ ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. సాక్స్, టోపీ, జేబులో రుమాలు, ఏదీ వద్దు. సీజన్‌లో పొదల మధ్య ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడు పక్షి అనుకునే ప్రమాదం నిజంగా ఉంది. పబ్లిక్ భూమిలో టర్కీ కూత వినిపిస్తే దాని వైపు పాకుతూ వెళ్లకండి, అక్కడ కూస్తున్నది మనిషి కావచ్చు. చూసి రావడానికి వెళ్లే రోజుల్లోనే మీకు ఎదురుపడిన కార్లు, వాటి చోట్లు రాసుకుంటే, ప్రారంభం రోజు ఎటు రద్దీ ఉంటుందో తెలుస్తుంది. ఒక చోటు మీద ఆశ పెట్టుకోకుండా కనీసం మూడు చోట్లు చూసి ఉంచుకోండి.

చట్టం విషయం తక్కువ మాటల్లో. 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వారు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. వసంతంలో పుంజులను, లేదా రొమ్ము మీద వెంట్రుకల కుచ్చు, అంటే బియర్డ్, పైకి కనిపించే పక్షిని మాత్రమే కొట్టాలి. గింజలు చల్లి రప్పించడం నేరం, ఆ గింజలన్నీ తీసేసిన తర్వాత కూడా పది రోజుల దాకా ఆ చోటు ఎర వేసిన చోటుగానే లెక్క. వేట గంటలు పబ్లిక్ భూమికి, ప్రైవేట్ భూమికి వేరుగా ఉన్నాయి, మిస్సోరీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్ ఏటా ఇచ్చే పుస్తకంలో చూసుకోండి. రైతు భూమి అయితే చూసి రావడానికి కూడా ముందు అనుమతి అడగండి.

మనవాళ్లకి ప్రత్యేకంగా ఇంకొకటి. మీరు హెచ్‌1బి లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ మీ దగ్గర ఉండకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ అందులో ఒక మినహాయింపు. స్నేహితుడి తుపాకీ ఒకసారి చేతిలోకి తీసుకోవడం కూడా తేలిగ్గా అనుకోవద్దు. ముందు లైసెన్స్ తీసుకోండి, అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి. ఇప్పుడు చూసి రావడానికైతే ఎలాగూ తుపాకీ అక్కర్లేదు.

ఏప్రిల్ నాటికి ఇక్కడ లోన్ స్టార్ పిడుదులు (టిక్స్) మొదలైపోతాయి, వాటిలో పెద్ద ఆడదాని ఒంటి మీద ఒకే తెల్ల చుక్క ఉంటుంది. అవి కుడితే జబ్బులే కాకుండా, కొందరికి గొడ్డు, పంది, మేక లాంటి మాంసం పడకుండా పోయే ఎలర్జీ వస్తుంది. బట్టలకు పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ముందు రోజే కొట్టి ఆరబెట్టండి, ప్యాంటు అంచులు సాక్స్‌లోకి దోపుకోండి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి.

మీరు ఏ కౌంటీ వైపు వెళ్తున్నారో, పబ్లిక్ భూమా లేక ఎవరిదైనా పొలమా అన్నది రాస్తే, మ్యాప్‌లో మొదట ఏ గుట్టల మీద నిలబడి వినాలో చూసి చెబుతాను.