నైరుతి మూల చెమ్మ, పిట్టగోడ మీద రావి మొక్క

ఈ వారం నాలుగు ఉత్తరాలను ఒకే కట్టగా తీసుకుంటున్నాను. రాసిన నలుగురూ ఒకరినొకరు ఎన్నడూ ఎదురుగా చూసుకోని స్నేహితురాళ్లు. వంటల ముచ్చట్లతో మొదలైన వారి వాట్సాప్ పరిచయం క్రమంగా పిల్లల చదువులకు, అత్తగారి మోకాళ్ల నొప్పులకు, కారే కుళాయిలకు, ఎవరికీ అంతుచిక్కని శకునాలకు పాకిందని, ఇప్పుడు ఒకరి ఇంట్లో గోడ నానితే మిగిలిన ముగ్గురికీ నిద్ర పట్టడం లేదని వారిలో ఒకరు రాశారు. ఒకరి సందేహానికి మరొకరు ఇచ్చిన సలహాలు కూడా ఉత్తరాలలోనే ఉన్నాయి గనుక వాటినీ కలిపే చూస్తాను.

ప్రశ్న: మా ఇల్లు కట్టి పద్నాలుగేళ్లయింది. రెండేళ్లుగా మా పడకగదిలో నైరుతి మూల పైకప్పు నుంచి చెమ్మ దిగుతోంది. రెండుసార్లు లప్పం పెట్టించి రంగు వేయించాము. వానలు మొదలు కాగానే మళ్లీ పెచ్చులూడుతోంది. ఆ మూల చెడితే ఇంటి యజమానికి కీడని స్నేహితురాలు చెప్పింది. నిజంగానే మా వారికి ఏడాదిగా దగ్గు తగ్గడం లేదు. వాస్తు చూసిన పెద్దమనిషి పడమటి కిటికీ మూసేసి, స్నానాల గది గోడ పడగొట్టి లోపలికి జరపమన్నారు. లక్షన్నర అవుతుందంటున్నారు. ఏం చేయాలి?
— ఒక సోదరి, హనుమకొండ

జవాబు: అమ్మా, గోడ పడగొట్టే ముందు ఒక్కసారి మేడ ఎక్కి, ఆ మూలకు సరిగ్గా పైన ఏముందో చూడండి. మీరు రాయలేదు గాని అక్కడ నీళ్ల ట్యాంకు ఉంటుందని నా అనుమానం. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలని, ఈశాన్యం పల్లంగా ఉండాలని వాస్తు చెబుతుంది కాబట్టి మన ఊళ్లలో చాలామంది ట్యాంకును తీసుకెళ్లి నైరుతి మూలనే పెడతారు. యజమాని పడకగది నైరుతిలో ఉండాలన్నదీ ఆ శాస్త్రమే. రెండూ పాటించిన ఇంట్లో యజమాని నెత్తి మీద, శ్లాబుకు అవతల, వెయ్యి లీటర్ల నీళ్లు, అంటే ఒక టన్ను బరువు, రాత్రింబవళ్లు నిలిచి ఉంటుంది. మోటారు ఆపడం మరిచిపోయిన ప్రతిసారీ పొంగిన నీళ్లు ఆ మూలలోనే పారుతాయి. ట్యాంకు అడుగున గొట్టం బిగించిన చోట రబ్బరు వాషరు అరిగి సెకనుకు ఒక్క చుక్క కారినా, రోజు తిరిగేసరికి నాలుగు లీటర్లకు పైగా శ్లాబులోకి దిగుతాయి. చుక్కే కదా అని ఎవరూ పట్టించుకోరు.

ట్యాంకు లేకపోయినా ఆ మూలకు తిప్పలు తప్పవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీ ఊరికి వాన తెచ్చే గాలికి పేరే నైరుతి రుతుపవనం. గాలివాన ఏటవాలుగా కొట్టినప్పుడు ఎక్కువగా తడిసేవి దక్షిణపు గోడ, పడమటి గోడ. ఆ రెండూ కలిసే చోటు మీ పడకగది మూల. వేసవిలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ కాచేదీ ఆ పడమటి గోడనే. పగలు వేడికి సాగి, రాత్రి చల్లబడి ముడుచుకుని పూతలో వెంట్రుకవాసి బీటలు పడతాయి, మరుసటి వానకు అవే దారులవుతాయి. కాబట్టి ఆ మూల ముందుగా చెడటంలో వింత లేదు.

మీ వారి దగ్గు విషయంలో మీ స్నేహితురాలి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. చెమ్మ గోడ మీద బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు గాలిలో కలిసి, పడనివారికి దగ్గు, ఆయాసం తెప్పిస్తాయి. మంచం తల వైపు ఆ మూలకే ఉంటే ఎనిమిది గంటలు ఆ గాలే పీలుస్తున్నారన్నమాట. ‘మూల చెడితే యజమానికి కీడు’ అన్న మాట మీ ఇంట్లో ఈ దారిన నిజమై ఉండవచ్చు. ఈ రాత్రికే మంచం జరపండి. అయినా ఏడాది పాటు తగ్గని దగ్గును గోడకు వదిలేయకూడదు, ఆయనను ముందు డాక్టరుకు చూపించండి. ఇక పడమటి కిటికీ మూయించడం మాత్రం చేయవద్దు. తడిసిన గదికి ఉన్న మందు గాలీ వెలుతురే, అవి కాస్తా కిటికీతో పోతాయి. స్నానాల గది గోడ బరువు మోసే గోడో కాదో తెలియకుండా దాని మీద సుత్తి వేయనివ్వకండి. తప్పదనుకుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి చూపించండి. ఆయన ఫీజు లక్షన్నరలో మూలకు కూడా రాదు.

తడి ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చడానికి ఖర్చు లేదు. రాత్రి పడుకునే ముందు మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టాన్ని ఒక కర్ర ముంచి గుర్తు పెట్టండి. తెల్లవారి ఎవరూ నీళ్లు వాడకముందే అదే కర్రతో చూడండి. మట్టం దిగితే ట్యాంకో, గొట్టమో కారుతోంది. గది లోపల, చెమ్మ గోడ మీద మూరెడు పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితానికి గోడ వైపున నీటి ముత్యాలు పడితే తడి గోడలోంచి వస్తోంది. పడకుండా గది వైపున చెమర్చితే అది గదిలోని ఆవిరే. వానాకాలంలో బట్టలు లోపల ఆరేసే ఇళ్లలో ఇదీ జరుగుతుంది.

లప్పం సంగతి. తడి గోడకు లప్పం పెట్టడం పుండుకు పౌడరు అద్దడం లాంటిది. ముందు నీరు వచ్చే దారి మూయాలి. ఉబ్బిన పూతను సుత్తితో మెల్లగా తట్టి, గుల్ల శబ్దం వచ్చినంత మేరా రాల్చేయాలి. లోపల చువ్వలు కనిపిస్తే తుప్పు గీకించాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలదీస్తుంది గనుక, తుప్పును పూత కింద దాచిన మరమ్మతు రెండు వానలకు మించి నిలవదు. పైన ట్యాంకు దిమ్మె చుట్టూ, పిట్టగోడ శ్లాబును కలిసే మూలలో వాటర్‌ప్రూఫింగ్ చేయించి, అది పూర్తిగా ఆరిన తరువాతనే లోపల పూత, ఆ పూత ఆరాక లప్పం, చివర రంగు. ఈ పనికి మార్చి నుంచి మే వరకు అనువైన కాలం. వెనుకటి మేస్త్రీలు మేడ మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టించేవారు. ఆ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు. అంత ఓపిక ఇప్పుడు మేస్త్రీకీ లేదు, ఇంటివారికీ లేదు. కనీసం ఆరబెట్టే ఓపికైనా చూపాలి.

మరమ్మతు అయ్యాక శాంతి చేయించుకోవాలని మీ అత్తగారు అంటే నిస్సంకోచంగా చేయించండి. వరుస మాత్రం తిరగబడకూడదు.

ప్రశ్న: మా మేడ పిట్టగోడ పగుల్లో రావి మొక్క మొలిచి మోచేతి ఎత్తు పెరిగింది. మేస్త్రీ దాన్ని ముట్టుకోనన్నాడు. రావిచెట్టు కొడితే వంశానికి మంచిది కాదట. మా ఆయన యాసిడ్ పోస్తానంటున్నారు. నాకు రెండింటికీ భయంగానే ఉంది.
— ఒక సోదరి, తెనాలి

జవాబు: యాసిడ్ పోయనివ్వకండి. మొక్క చచ్చినా చావకపోయినా సిమెంటు, సున్నం మాత్రం కరిగి గోడ గుల్లవుతుంది, ఆమ్లం చువ్వలను అందుకుంటే తుప్పు తొందరపడుతుంది. మేస్త్రీ భయానికి వస్తే, చెట్లలో అశ్వత్థాన్ని నేనని భగవద్గీత పదో అధ్యాయంలో కృష్ణుడు చెప్పుకున్నాడు. ఆ చెట్టుకు ప్రదక్షిణలు చేసి పెరిగిన మనిషి గొడ్డలి ఎత్తలేకపోతే నేను తప్పు పట్టను. అయితే ఆ మొక్క మీ ఇంటిని వెతుక్కుంటూ రాలేదు. రావి పళ్లు తిన్న పిట్ట పిట్టగోడ మీద వాలి రెట్ట వేసింది, అందులోని ఆవగింజంత విత్తనం తడి పగులులో పడి మొలిచింది. ఎండిన, బీటలు లేని గోడ మీద అది మొలకెత్తలేదు. మొక్క కనబడిందంటే అక్కడ నీరు నిలుస్తోందని గోడ మీకు చెప్పినట్టే.

మోచేతి ఎత్తు మొక్కకు గోడలో అంతకన్నా పొడుగు వేరు ఉండవచ్చు. పట్టి లాగితే పైన కాండం తెగి చేతికి వస్తుంది, లోపల మిగిలిన వేరు మరుసటి వానకు రెట్టింపు చిగురు వేస్తుంది. గట్టిగా పెకలిస్తే ఇటుకలూ వెంట వస్తాయి. అందుకని వేరు పోయిన దారి పొడుగునా పూతను ఉలితో తెరిచి, అవసరమైతే రెండు మూడు ఇటుకలు వదులు చేసి, వేరును కొసదాకా బయటికి తీయించండి. తీసిన మొక్కను తడి గోనెలో చుట్టి, ఆకులు చాలా వరకు తుంచి, ఊరి చెరువు గట్టు మీదనో, గుడి వారు ఒప్పుకుంటే గుడి ఆవరణలోనో నాటించండి. రావి మొండి మొక్క, కాస్త నీరు పోస్తే నాటుకుంటుంది. మేస్త్రీతో ‘కొట్టవద్దు, చోటు మార్చుదాం’ అనండి. నేను చూసిన మేస్త్రీలలో ఈ మాటకు కాదన్నవాడు లేడు. ఒకాయన అయితే పసుపు నీళ్లు చల్లి, ‘తల్లీ, నీకు ఇక్కడ ఇరుకు’ అని చెప్పి మరీ ఉలి పెట్టాడు. ఆ రోజు పని బహు శుభ్రంగా చేశాడు కూడా. తీసిన వెంటనే పగులును గారతో నింపి, పిట్టగోడ పైభాగం లోపలి వైపుకు వాలేలా పూత వేయించండి.

వాయిదా మాత్రం వేయకండి. ఈ ఏడు ఉలితో పోయేది, అయిదేళ్లు ఆగితే పిట్టగోడతో సహా పోతుంది.

ప్రశ్న: వారంలో రెండుసార్లు భోజనాల బల్ల దగ్గర నా భుజం మీద బల్లి పడింది. తెనాలి స్నేహితురాలు పంచాంగంలో బల్లి శాస్త్రం పేజీ ఫోటో తీసి పంపింది. ఆడవారికి, మగవారికి వేరువేరు ఫలితాలున్నాయి, చదివాక భయం పెరిగింది. కంచి వెళ్లి రమ్మంటున్నారు.
— ఒక సోదరి, కర్నూలు

జవాబు: కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వస్తే బల్లి పాటు దోషం అంటదని మన ఇళ్లలో తరతరాల నమ్మకం. ఆ వంకతో ఒక మంచి గుడి చూసినట్టూ అవుతుంది, వెళ్లి రండి. ఈలోగా ఒక స్నానం, ఒక దీపం చాలునని పెద్దలూ అంటారు. అయితే ఒకే చోట రెండుసార్లు పడింది గనుక తలెత్తి పైన చూడండి. బల్లకు నేరుగా పైన ట్యూబులైటు ఉందా? దీపానికి పురుగులు, పురుగులకు బల్లులు వస్తాయి. పొడి రాలే సున్నం గోడ మీద, తడి గోడ మీద బల్లి కాలికి పట్టు చిక్కదు, రెండు బల్లులు తరుముకుంటే ఒకటి జారుతుంది. లైటును పక్క గోడకు మార్పించి, పొడి రాలే చోట గీకించి రంగు వేయించండి. మన ఇళ్లలోని బల్లికి విషం లేదు గాని దాని రెట్టలో రోగక్రిములు ఉండవచ్చు, కాబట్టి వంటగిన్నెల మీద మూత తప్పనిసరి. బల్లి పడిన కూర పారబోయవలసిందే.

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాము. కొన్నది పాత ఇల్లు. రాత్రి పది దాటాక మేడ మీద ఎవరో నడిచినట్టు టకటకమని చప్పుడు వస్తుంది. తలుపు మూల నుంచి గోడకు ఏటవాలుగా బీట కూడా పడింది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ‘ఇంట్లో గాలి ఉంది’ అని సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం ఇల్లంతా హోరెత్తించింది. స్నేహితురాళ్లూ అమ్మ పక్షమే.
— ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: చప్పుడు సంగతి ముందు. మీది కర్ర చట్రం మీద పలకలు బిగించిన ఇల్లు. పగలంతా టెక్సాస్ ఎండకు అటక కాగుతుంది, రాత్రి చల్లబడేటప్పుడు దూలాలు, మేకులు, ఏసీ రేకు గొట్టాలు ముడుచుకుంటూ టకటకమంటాయి. అవి ఒకేసారి ముడుచుకోవు, ఒకదాని తరువాత ఒకటి ముడుచుకుంటాయి గనుక అడుగుల చప్పుడులా వినిపిస్తుంది. వేడినీళ్లు పారినప్పుడు గొట్టాలూ ఇలాగే పలుకుతాయి. ఒక వారం పాటు చప్పుడు వచ్చిన వేళ, అప్పుడు ఏసీ నడుస్తున్నదా, ఎవరైనా స్నానం చేశారా అన్నది కాగితం మీద రాయండి. దయ్యమైతే ఏసీ వేళలు పాటించదు.

బీటను మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఈ విషయంలో మీ అమ్మగారికి మీ ఇంటి ఏజెంటు కన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. డల్లాస్ చుట్టుపక్కల నేల చాలా చోట్ల నల్లని బంకమన్ను, మన గుంటూరు నల్లరేగడికి దగ్గరి చుట్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దిగేటంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద పరిచిన పునాది పలక ఒక పక్క లేచి ఒక పక్క దిగితే, ముందుగా తలుపు మూలల్లో ఏటవాలు బీట, తరువాత బిగుసుకుపోయే తలుపులు కనిపిస్తాయి. అందుకే అక్కడివారు వేసవిలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరిచి మట్టి ఎండిపోకుండా కొద్దికొద్దిగా నీళ్లు పెడతారు. మీరూ పెట్టండి, ఇంటి చుట్టూ సమానంగా, పునాదికి అడుగు ఎడంగా. బీట కొసన పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ వేయండి. నెల నెలా చూడండి. కొస గీత దాటినా, సందు పావు అంగుళం మించినా, తలుపులు సరిగా మూసుకోకపోయినా, పునాదులు బాగుచేసే కంపెనీ అమ్మకందారును కాక, వారితో సంబంధం లేని ఇంజినీరును పిలవండి.

అమ్మగారి సాంబ్రాణికి అడ్డు చెప్పకండి. వేసేటప్పుడు కిటికీలు తెరిచి, వంటింటి పొగ లాగే ఫ్యాను వేసి, దాని పక్కన పెట్టుకోమనండి. అలారం బ్యాటరీ మాత్రం తీయవద్దు.