ఫొటోలు చూసి జనం నిజంగా మాట్లాడుకుంటారా?

డాక్యుమెంటరీ ఫొటోలు చర్చ పుట్టిస్తాయా, లేక చూసి ‘అయ్యో’ అనుకుని వెళ్లిపోతారా అని అడిగారు. నాకు రెండూ ఒకే ప్రదర్శనలో ఎదురయ్యాయి.

రాత్రిపూట రోడ్లు ఊడ్చేవాళ్లను కొన్ని నెలలపాటు ఫొటోలు తీసి ప్రింట్లు గోడకు పెట్టాను. అలసిపోయిన ఒక ముఖాన్ని పెద్ద సైజులో, సరిగ్గా మధ్యలో. అందరూ దానిముందు ఆగి, ‘పాపం’ అని పక్కకు జరిగేవారు. మూలన మాత్రం ఓ చిన్న ప్రింటు: తీగ మీద ఆరేసిన రబ్బరు గ్లౌజు, చూపుడువేలి దగ్గర చిరిగితే నల్లదారంతో వేసిన కుట్లు. జనం అక్కడ పోగయ్యారు. ‘రబ్బరుకు కుట్టేస్తే నీళ్లు లోపలికి పోవూ?’ అన్నారొకావిడ. ‘కొత్తవి ఎన్నాళ్లకోసారి ఇస్తారు?’ అన్నారు ఇంకొకాయన. నాకు తెలీదు. నెలల తరబడి ఫొటోలు తీశాను గానీ ఆ ఒక్క మాట అడగలేదు!

మర్నాడు ఆ గ్లౌజు కుట్టుకున్నావిడనే పిలిచాను. ప్రశ్నలన్నిటికీ ఆవిడే జవాబు చెప్పారు. నేను కుర్చీలు సర్దుతూ ఉండిపోయాను. వెళ్తూ వెళ్తూ, ‘మధ్యలో పెట్టింది నా ముఖమేగా, కింద పేరేది?’ అని అడిగారు. ‘పారిశుద్ధ్య కార్మికురాలు’ అని మాత్రమే రాశాను మరి.

ఈ పొరపాటు కొత్తదేం కాదు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీలు కోసే కూలీల శిబిరంలో డొరొథియా లాంగ్ తీసిన తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకేమీ ఒరగలేదని అప్పుడామె బాధపడింది.

లూయిస్ హైన్ పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. 1908 నుంచి అమెరికా మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లలను ఫొటోలు తీశాడు. తన కోటు గుండీలను కొలతగా పెట్టుకుని వాళ్ల ఎత్తు అంచనా కట్టేవాడు, జేబులో చెయ్యి పెట్టి గుట్టుగా వివరాలు రాసుకునేవాడు. వయసు, పని, ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారో ఫొటోతోపాటే ఉండేవి కాబట్టి వాదనకు దిగినవాళ్లు కొట్టిపారేయడం కష్టమయ్యేది. అయినా పిల్లలతో పని చేయించడాన్ని అడ్డుకోవడానికి 1916లో వచ్చిన చట్టాన్ని 1918లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. నిలబడిన చట్టం 1938లో గానీ రాలేదు. ఫొటో పెట్టిన వారంలోనే మార్పు రాలేదని టెన్షన్ పడకండి.

మీరు ప్రదర్శన పెట్టేటట్లయితే ఫొటోలో ఉన్నవాళ్లకు ముందు ప్రింట్లు చూపించండి, పేరు వేయాలో వద్దో వాళ్లనే అడగండి. నేనైతే ఆ రోజు పెన్ను తీసి, ఆవిడ చెబుతుంటే అక్కడికక్కడే రాశాను. ఇంటిపేరులో ఒత్తు తప్పు రాస్తే దిద్దించారు కూడా.